అప్పీలు కాగితాల్లో లోపాలు దొర్లితే పొలం పోయినట్టేనా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారాలు. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, కాశీనగరం దగ్గర ఒక పల్లె. మా తాతగారు 1931లో కొన్న మడి మా నాన్నగారికి వచ్చింది. 2017లో పక్క మడి రైతులైన ఇద్దరు అన్నదమ్ములు గట్టు చెక్కేసి, మా భూమిలో 12 సెంట్లు కలుపుకొని ముళ్ల తీగతో కంచె వేశారు. నాన్నగారు హక్కు కోసం, స్వాధీనం కోసం దావా వేశారు. దావా నడుస్తుండగానే ఆయన కాలం చేశారు. అమ్మ, నేను, పలాసలో ఉంటున్న మా చెల్లెలు వాదులుగా చేరాం. 2025 జనవరి 10న కింది కోర్టు దావా కొట్టేసింది. ఆక్రమించినది ఏ ముక్కో గుర్తుపట్టేలా నిరూపించలేదని, తాతగారి తెలుగు దస్తావేజుకు అనువాదం లేదు కాబట్టి దాన్ని సాక్ష్యంగా తీసుకోలేమని తీర్పులో రాశారు. కమిషనర్‌ను వేసి స్థలం కొలిపించమని మేము పెట్టుకున్న పిటిషన్‌ను అంతకు ముందే తోసిపుచ్చారు.

పర్లాకిమిడి జిల్లా జడ్జి కోర్టులో మార్చి 26న అప్పీలు వేశాం. మార్చి 3న అమ్మ జారిపడి తుంటి ఎముక విరగడంతో 15వ తేదీ దాకా శ్రీకాకుళం ఆసుపత్రిలోనే ఉన్నాం, అందుకే ఆలస్యమైంది. ఇప్పుడు కోర్టు ఆఫీసు వారు లోపాలు రాసి ఇచ్చారు. అప్పీలు 45 రోజులు ఆలస్యం, అందుకు పిటిషన్ లేదు. తీర్పు సర్టిఫైడ్ కాపీకి బదులు జిరాక్సు పెట్టారు. వకాలత్తు మీద చెల్లెలి సంతకం లేదు. గ్రౌండ్లకు (అప్పీలు కారణాలకు) నంబర్లు లేవు, 19 పేజీల కథ ఉంది. షెడ్యూలులో (భూమి వివరాల పట్టికలో) హద్దులు లేవు. కోర్టు ఫీజు తక్కువైంది. మే 7 లోగా సరిచేయమన్నారు. పాతపట్నంలో ఉన్న మా బావగారు, ఇన్ని తప్పులున్న అప్పీలు నిలవదు, ఉపసంహరించుకొని కొత్తగా దావా వేసుకోండి అంటున్నారు. ఇంకొక సంగతి. ప్రతివాదుల్లో పెద్దాయన ఫిబ్రవరిలో చనిపోయారు. మేము పెద్దకర్మ భోజనాలకు కూడా వెళ్లాం. అప్పీలులో మాత్రం ఆయన పేరే ఉంది. ఇది కూడా తప్పేనా? మా పొలం పోయినట్టేనా?

సమాధానం: పోలేదు. ఆఫీసు వారు రాసిన ఆరు లోపాల్లో ఒక్కటి కూడా మీ అప్పీలును దానంతట అదే చంపేసేది కాదు. అసలు ప్రమాదం వారి చిట్టాలో లేనిది, ఉత్తరం చివర మీరు ఏదో గుర్తొచ్చినట్టు రాసినది. చనిపోయిన మనిషి పేరు మీద అప్పీలు వేశారే, అన్నిటికంటే ముందు దిద్దుకోవలసింది అదే. దాని దగ్గరకు వచ్చే ముందు, కాగితాల్లో దొర్లే లోపాలను కోర్టులు ఎలా చూస్తాయో చెప్పాలి, ఎందుకంటే మీ బావగారి భయం మన సరిహద్దు పల్లెల్లో చాలామందికి ఉంది, ఆ భయంతోనే గెలవగల కేసులు వదిలేసుకున్న కుటుంబాలను నేను చూశాను.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని ఆర్డర్ 41 రూల్ 3 ప్రకారం, అప్పీలు మెమో (అప్పీలు పత్రం) చెప్పిన పద్ధతిలో లేకపోతే కోర్టు దాన్ని తిరస్కరించవచ్చు, లేదా గడువు పెట్టి సరిచేసుకోమని తిరిగి ఇవ్వవచ్చు, లేదా అక్కడికక్కడే దిద్దించవచ్చు. తిరస్కరించేటట్టయితే కారణాలు రాయాలి. 2005లో ఉదయ్ శంకర్ త్రియార్ కేసులో, వకాలత్తులో లోపమున్న ఒక అప్పీలు గురించి తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు ఈ విషయాన్ని ఇంకా వివరంగా చెప్పింది. దిద్దుకోగలిగిన పద్ధతి లోపం మనిషి అసలు హక్కును ఓడించకూడదు అన్నది అందులోని మూలసూత్రం. అయితే దానికి మినహాయింపులు కూడా ఆ తీర్పే చెప్పింది. లోపానికి ఫలితం ఏమిటో చట్టమే స్పష్టంగా రాసి ఉన్నప్పుడు, లోపం చూపించి అవకాశం ఇచ్చాక కూడా సరిచేయనప్పుడు, కావాలని చేసిన తప్పని తేలినప్పుడు, దిద్దుబాటు వల్ల కేసు మంచిచెడ్డలు గాని, కోర్టు అధికార పరిధి గాని మారిపోయేటప్పుడు, అప్పీలుదారుకు తెలియకుండా, అతని సమ్మతి లేకుండా ఎవరో అప్పీలు వేసినప్పుడు కోర్టు మన్నించనవసరం లేదు. వీటిలో రెండోది మీరు రాసి దగ్గర పెట్టుకోండి. ఇవాళ మీ అప్పీలుకు ఉన్న లోపాలు దిద్దుకోదగినవి. మే 7 దాటాక అవే లోపాలు, చూపించినా దిద్దుకోని లోపాలవుతాయి. ఒకటి రెండు కాగితాలు అప్పటికి అందకపోతే, ఆ రోజే హాజరై, అదే కోడ్ సెక్షన్ 148 కింద ఇంకొంత గడువు అడుగుతూ పిటిషన్ వేయించండి. అడగకుండా ఊరుకోవద్దు.

బావగారి సలహా మాత్రం పాటించకండి. ఆయన మీ మేలు కోరే చెప్పి ఉంటారు, కానీ అప్పీలు ఊరికే ఉపసంహరించుకుంటే కింది కోర్టు తీర్పు ఖాయమైపోతుంది, అదే భూమి మీద అదే మనుషులపై వేసే కొత్త దావా, ఒకసారి తేలిన వివాదం మళ్లీ ఎత్తరాదన్న సెక్షన్ 11 దగ్గరే ఆగిపోతుంది. కొత్త దావా వేసుకోవడానికి కోర్టు అనుమతితో దావానే ఉపసంహరించుకునే వీలు ఆర్డర్ 23 రూల్ 1లో ఉంది, అప్పీలు దశలో కూడా అడగవచ్చు. కానీ అందుకు దావాలోనే రూపపరమైన లోపం ఉందని చూపించాలి, అనుమతి కోర్టు ఇవ్వాలి. మీ లోపాలు అప్పీలు కాగితాల్లో ఉన్నాయి, వాటికి ఆ దారి కాదు. పైగా ఆక్రమణ 2017లో మొదలైంది. హక్కును బట్టి స్వాధీనం కోరడానికి లిమిటేషన్ చట్టం 65వ ఆర్టికల్ ఇచ్చే 12 ఏళ్లలో సింహభాగం గడిచిపోయింది.

ఇక చనిపోయిన ప్రతివాది సంగతి. దావా గాని అప్పీలు గాని నడుస్తుండగా ఎవరైనా చనిపోతే, ఆర్డర్ 22 కింద 90 రోజుల్లో వారసులను చేర్చాలి, లేకపోతే అతని వరకు కేసు పడిపోతుంది, ఆ తరువాత ఇంకో 60 రోజుల్లో దాన్ని లేపమని అడగవచ్చు. ఇది లాయర్లందరికీ నోటికి వచ్చిన లెక్క. మీ కేసుకు ఈ లెక్క వర్తించదు. పెద్దాయన ఫిబ్రవరిలో పోయారు, అప్పీలు మార్చిలో వేశారు. అంటే వేసిన రోజుకే ఆయన లేరు. లేని మనిషి మీద వేసిన అప్పీలు ఆయన వరకు వేయనట్టే లెక్క, కనుక ఆయన స్థానంలో వారసులను ఆర్డర్ 22 కింద ప్రతిక్షేపించమని అడిగితే, ఎదుటి లాయరు మొదటి వాయిదాలోనే దాన్ని కొట్టేయిస్తారు. మీరు వేయవలసిన పిటిషన్ వేరు. అప్పీలు శీర్షికలో ఆ పేరు తీసి, వారసులను రెస్పాండెంట్లుగా (అప్పీలులో ఎదుటి పక్షంగా) రాసుకోవడానికి అనుమతి ఇవ్వమని సెక్షన్ 153, 151 కింద కోరాలి. దానితో పాటే, వారి మీద అప్పీలు గడువు దాటాక వస్తోంది గనుక ఆ ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద మరో పిటిషన్ వేయాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. తమ్ముడి మీద మీ ఆలస్యం మార్చి 26తో ఆగిపోయింది. అన్న వారసుల మీద ఆలస్యం, మీరు ఈ పిటిషన్ వేసే రోజు దాకా పెరుగుతూనే ఉంటుంది. అందువల్ల దీనికి మే 7 దాకా ఆగకండి, ఈ వారమే వేయించండి.

వారసులంటే కొడుకులు మాత్రమే కాదు. ఆయన భార్యను, పెళ్లయి వెళ్లిన కూతుళ్లను, తల్లి బతికి ఉంటే ఆమెను కూడా చేర్చాలి. కూతురు ఎక్కడో అత్తవారింట ఉంది కదా అని వదిలేసి, తరువాత ఆమె లేని డిక్రీతో (తీర్పును బట్టి వెలువడే ఆదేశంతో) ఇబ్బంది పడినవారు ఉన్నారు. పంచాయతీ నుంచి మరణ ధ్రువపత్రం నకలు తెచ్చుకోండి, వారసుల పేర్లు, వయసులు, ఉంటున్న ఊళ్లు సరిగా కనుక్కోండి.

ఆ పిటిషన్‌కు జతపరచే అఫిడవిట్‌లో మీరు ఏం రాస్తారన్నది నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగిస్తోంది. ఇలాంటి చోట "ఆయన మరణించిన సంగతి మాకు తెలియదు" అని రాయించడం అలవాటుగా జరిగే పని. మీరు అలా రాయకండి. పెద్దకర్మ నాడు మీరు వారి ఇంట్లో విస్తరి ముందు కూర్చున్నారు, మీ పక్కన కూర్చున్నవారిలో కనీసం పదిమంది రేపు ఎదుటివారి తరఫున అఫిడవిట్ ఇవ్వగలరు. ఆ ఒక్క అబద్ధంతో మీ కేసు దిద్దుకోదగిన లోపం అనే గడి నుంచి, కావాలని చేసిన తప్పు అనే గడిలోకి పోతుంది. జరిగింది జరిగినట్టు రాయండి: మరణం సంగతి మాకు తెలుసు, అది లాయరుకు చెప్పవలసిన విషయమని మాకు తెలియదు, లాయరు కింది కోర్టు తీర్పులో ఉన్న పేర్లే దించుకున్నారు, తెలిసిన వెంటనే కోర్టు ముందుకు వచ్చాం. చదువుకున్నవారు కూడా చేసే పొరపాటే ఇది, నమ్మదగిన కారణమే.

ఈ దిద్దుబాటు జరగకపోతే నష్టం అన్న వాటాతో ఆగదు. ఇద్దరు అన్నదమ్ములూ కలిసే ఆ 12 సెంట్లు అనుభవిస్తున్నారు, డిక్రీ ఇద్దరికీ కలిపి వచ్చింది. ఒకరి మీద ఆ డిక్రీ ఖాయమై, మరొకరి మీద రద్దయితే ఒకే భూమి మీద రెండు పొసగని తీర్పులు నిలుస్తాయి. అలాంటప్పుడు అప్పీలు మొత్తంగా నిలవదని 1962లో అచ్చైన నాథూరాం కేసు దగ్గర నుంచి సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది. ఆఫీసు వారి చిట్టాలో ఇది లేదని నిశ్చింతగా ఉండవద్దని చెప్పడం అందుకే.

ఆలస్యం లెక్క చూద్దాం. మీరు పంపిన ఫోటోల్లో సర్టిఫైడ్ కాపీ చివరి పుట వెనక ముద్ర ఉంది. దానిలో వరుసగా తేదీలున్నాయి: కాపీకి దరఖాస్తు పెట్టినది జనవరి 20, ఇన్ని ఫోలియోలు (కాపీ రాసే కాగితాలు), స్టాంపులు కావాలని తెలిపినది జనవరి 27, మీరు అవి ఇచ్చినది జనవరి 30, కాపీ సిద్ధమైనది ఫిబ్రవరి 14. జిల్లా కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు. తీర్పు రోజును వదిలేసి లెక్కిస్తే ఫిబ్రవరి 9తో ముగుస్తుంది, అక్కడి నుంచి మార్చి 26కు 45 రోజులు. ఆఫీసు వారు ఈ లెక్కే వేశారు, ఎందుకంటే మీరు పెట్టిన జిరాక్సులో ఆ వెనక పుట లేదు. కానీ కాపీ కోసం పట్టిన కాలాన్ని లిమిటేషన్ చట్టం సెక్షన్ 12 మీకు తీసివేస్తుంది. జనవరి 20 నుంచి ఫిబ్రవరి 14 దాకా, రెండు చివరలూ కలుపుకొని 26 రోజులు. గడువు మార్చి 7కు జరుగుతుంది, ఆలస్యం 19 రోజులకు దిగుతుంది. అయితే ఫోలియోలు అడిగాక మీరు ఇవ్వడానికి తీసుకున్న మూడు రోజులను కోర్టు మీ అలసత్వంగా భావిస్తే తీసివేయదు, అప్పుడు 22 రోజులవుతుంది. పిటిషన్‌లో 22 అనే రాయించండి. ఎక్కువ రాసి తక్కువ తేలితే ఇబ్బంది లేదు, తక్కువ రాసి ఎక్కువ తేలితే మళ్లీ పిటిషన్ వేసుకోవాలి.

మూడు వారాల ఆలస్యానికి మీ దగ్గర మంచి కారణం ఉంది. అమ్మగారు పడిన తేదీ గడువు ముగియక ముందుదే. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రే బిల్లు జతచేయండి. 15 నుంచి 26 దాకా ఉన్న రోజుల గురించి కూడా రెండు వాక్యాలు రాయాలి, మంచం మీద ఉన్న మనిషిని ఇంట్లో ఎవరు చూసుకున్నారు, మీరు లాయరును మళ్లీ ఎప్పుడు కలిశారు అన్నది చెబితే చాలు. ప్రతి రోజుకూ లెక్క చెప్పమని పిడివాదంగా అడగరాదని 1987లో కాటిజీ కేసులో సుప్రీంకోర్టు అన్నది, ఆ మాట ఇప్పటికీ కోర్టుల్లో వినిపిస్తుంది. ఈ పిటిషన్ అప్పీలుతో పాటే అఫిడవిట్‌తో వేయాలని ఆర్డర్ 41 రూల్ 3ఎ చెబుతోంది నిజమే. కానీ ముందు వేయకపోయినా తరువాత వేసి సరిచేసుకోవచ్చని 2000 సంవత్సరంలో, మధ్యప్రదేశ్ ప్రభుత్వం వేసిన ఒక అప్పీలులో సుప్రీంకోర్టు తేల్చింది. సర్టిఫైడ్ కాపీ అసలునే ఇప్పుడు దాఖలు చేయండి, ఇంట్లో జిరాక్సు ఉంచుకోండి. మీరు తిరగేసి పెట్టారు.

వకాలత్తుకు పెద్ద చర్చ అక్కరలేదు. చెల్లెలి పేరు అప్పీలుదారుగా ఉంది, సంతకం లేదు, అంతే. పలాస నుంచి ఆమె వచ్చి కొత్త వకాలత్తు మీద సంతకం పెట్టి, అప్పీలు తనకు తెలిసి, తన ఇష్టంతోనే వేశారని చిన్న అఫిడవిట్ ఇస్తే సరిపోతుంది. ఏ కారణం చేతనైనా ఆమె రాలేకపోతే, రాదలచకపోతే, బలవంతం చేయకండి, ఆమె తరఫున మీరు సంతకం అసలే పెట్టకండి. ఆమెను అప్పీలుదారుల్లోంచి తీసి ప్రొఫార్మా రెస్పాండెంటుగా (పేరుకు మాత్రమే ఎదుటి పక్షంగా) పెట్టవచ్చు. అందరికీ ఉమ్మడి అయిన కారణం మీద తీర్పు వచ్చినప్పుడు వాదుల్లో ఒక్కరైనా మొత్తం డిక్రీ మీద అప్పీలు చేసుకోవచ్చని ఆర్డర్ 41 రూల్ 4 చెబుతోంది. కోర్టు ఫీజు లోటు కట్టడానికి సెక్షన్ 149 కింద అనుమతి కోరుతూ కట్టేయండి.

గ్రౌండ్ల దగ్గర మాత్రం కాస్త ఆగాలి, కేసు గెలుపోటములు ఎక్కువగా తేలేది ఇక్కడే. మీ పాత మెమో నేను చదివాను. తాతగారు భూమి కొన్నది, నాన్నగారు బావి తవ్వించినది, ఊళ్లో పెద్దమనుషుల తగవు, ఎదుటివారి దౌర్జన్యం, అన్నీ ఉన్నాయి, చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది. కానీ ఆర్డర్ 41 రూల్ 1 అడిగేది అది కాదు. డిక్రీ మీద అభ్యంతరాలను క్లుప్తంగా, వేరు వేరు అంశాలుగా, కథనం గాని వాదన గాని లేకుండా, వరుస నంబర్లతో రాయమంటుంది. కథ కింది కోర్టుకు చెప్పారు, అది రికార్డులో ఉంది. పై కోర్టుకు చెప్పవలసింది కింది జడ్జిగారు ఎక్కడ పొరపడ్డారన్నది. మెమోలో రాయని అభ్యంతరాన్ని కోర్టు అనుమతి లేకుండా వినిపించలేమన్నది రూల్ 2, అందుచేత క్లుప్తత పేరుతో ముఖ్యమైనది వదిలేయడం కూడా ప్రమాదమే.

ఒక్క ఉదాహరణ. మీ మెమో ఏడో పేజీలో, "కింది కోర్టువారు సాక్ష్యాలను గాలికి వదిలేసి, న్యాయాన్ని విస్మరించి, ప్రతివాదుల మాయమాటలు నమ్మి తీర్పు చెప్పినారు" అని ఉంది. దీనిలో జడ్జిగారు పట్టుకోవడానికి ఏమీ లేదు. రెండో ప్రతివాది వాంగ్మూలం మీరు పంపారు కదా, క్రాస్‌లో ఆయన 2017కు ముందు అక్కడ కంచె లేదని, పాత గట్టు మీద తాటిచెట్టు ఉండేదని, అది ఇప్పుడు తమ కంచెకు లోపల ఉందని ఒప్పుకున్నారు. ఆ గ్రౌండ్ ఇలా ఉండాలి: "పాత గట్టు మీది తాటిచెట్టు ప్రస్తుతం తమ కంచె లోపల ఉన్నదని 2వ ప్రతివాది క్రాస్‌లో ఒప్పుకొని ఉండగా, ఆ ఒప్పుకోలును పరిశీలించకుండా, ఆక్రమించిన స్థలం గుర్తింపు కాలేదని నిర్ణయించడం పొరపాటు." పాత వాక్యం మీ బాధను చెబుతోంది, కొత్త వాక్యం జడ్జిగారిని సాక్ష్యంలోని ఒక పేజీకి తీసుకువెళుతోంది. అప్పీలు కోర్టు తన తీర్పులో, తేల్చవలసిన అంశాలు, ఒక్కొక్క దానిపై నిర్ణయం, అందుకు కారణాలు రాయాలని రూల్ 31 ఉంది. మీరు ఇలా విడివిడిగా రాస్తే ఆ అంశాలు మీ మెమోలోంచే పుడతాయి. ఆ 19 పేజీలను పారేయకండి, వాదనల రోజు ఇచ్చే నోట్సుకు పనికొస్తాయి.

కమిషనర్ పిటిషన్‌ను తోసిపుచ్చారన్నారు. దాని మీద అప్పుడే పై కోర్టుకు రివిజన్‌కు వెళ్లలేదని దిగులు పడకండి. కేసు ఫలితాన్ని ప్రభావితం చేసిన మధ్యంతర ఉత్తర్వులోని తప్పును అప్పీలు మెమోలో గ్రౌండ్‌గా ఎత్తవచ్చని సెక్షన్ 105 చెబుతోంది. మీ పాత మెమోలో ఆ ఉత్తర్వు ఊసే లేదు, ఇది నాకు బాధ కలిగించింది. స్థలం గుర్తింపు కాలేదని దావా కొట్టేశారు, గుర్తించడానికి మీరు అడిగిన కొలతను ఒప్పుకోలేదు. ఇంతకంటే సూటిగా ఒకదానికొకటి ముడిపడిన రెండు ఉత్తర్వులు ఉండవు. సరిహద్దు తగాదాల్లో కమిషనర్‌తో కొలిపించాలని 2008లో హర్యానా వక్ఫ్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దీనికి విడిగా ఒక గ్రౌండ్ రాయించండి, అప్పీలు కోర్టులో కూడా ఆర్డర్ 26 రూల్ 9 కింద కొత్తగా పిటిషన్ వేయించండి, కొలిచేటప్పుడు ఆ తాటిచెట్టును స్కెచ్చులో చూపించమని అందులోనే కోరండి.

షెడ్యూలు విషయంలో జాగ్రత్త. హద్దులు లేవన్నారు కదా అని అప్పీలు మెమోలో కొత్త హద్దులు రాసేయకూడదు. మెమోలోని షెడ్యూలు డిక్రీలో ఉన్నదానితో అచ్చంగా కలవాలి. డిక్రీలో హద్దులుంటే అవి దించండి. లేకపోతే లోపం ప్లెయింటులోనే (దావా పత్రంలోనే) ఉందన్నమాట, అప్పుడు ఆర్డర్ 6 రూల్ 17 కింద ప్లెయింటు సవరణ కోరాలి. విచారణ మొదలయ్యాక సవరణ అడిగేవారు, తగిన శ్రద్ధ వహించినా ముందే ఎందుకు అడగలేకపోయారో చెప్పాలి. మన వైపు దీనికి నిజమైన కారణమే ఉంటుంది: తాతగారి దస్తావేజులో పాత సర్వే నంబరు ఉంటుంది, మీ పట్టాలో ఖాతా నంబరు, హాల్ (ఇప్పటి సర్వే) ప్లాటు నంబరు ఉంటాయి, దస్తావేజు సెంట్లలో చెబితే అమీను (భూమి కొలిచే ఉద్యోగి) డిసిమిల్లలో రాస్తాడు. సెంటన్నా డిసిమిల్ అన్నా ఎకరంలో నూరో వంతే, విస్తీర్ణంలో తేడా లేదు. కానీ సాబిక్ (పాత సర్వే) నంబరుకు హాల్ నంబరు ఏదో చూపించే కాగితం లేకపోతే రెండూ రెండు భూములుగా కనిపిస్తాయి. తహసీలు ఆఫీసు నుంచి ఆ రెండు నంబర్ల పొందిక చూపే నకలు, రెండు సర్వేల నాటి గ్రామపటాలు తెచ్చి సవరణ పిటిషన్‌కు జతచేయండి.

తెలుగు దస్తావేజు సంగతి చెప్పి ముగిస్తాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా పర్లాకిమిడి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. అప్పటి దస్తావేజులు ఎన్నో తెలుగులోనే రిజిస్టరయ్యాయి. అది తెలుగులో ఉండడం మీ తప్పు కాదు, కానీ ఒడియా, ఇంగ్లీషు నడిచే కోర్టులో అనువాదం లేకుండా పెట్టడం లోపమే. దిద్దుకునే దారి ఆర్డర్ 41 రూల్ 27. కింది కోర్టు తీసుకోవలసిన సాక్ష్యాన్ని తీసుకోకపోతే అప్పీలు కోర్టు తీసుకోవచ్చని దాని మొదటి క్లాజు. అనువాదం తెచ్చుకోవడానికి గడువైనా ఇవ్వకుండా దస్తావేజును పక్కన పెట్టారన్నది మీ వాదన కావాలి. అసలు దస్తావేజు, దాని పూర్తి అనువాదం, అనువదించినవారి అఫిడవిట్, మూడూ కలిపి పిటిషన్ వేయించండి. ఈ పిటిషన్‌ను అప్పీలు ఆఖరి వాదనలతో కలిపి వింటారు, వెంటనే ఉత్తర్వు రాలేదని కంగారు పడకండి. దస్తావేజు వయసు 30 ఏళ్లు దాటింది, మీ ఇంటి నుంచే వస్తోంది, కాబట్టి దాని మీది సంతకాలు, రాత నిజమైనవేనని కోర్టు ఊహించుకునే వీలు సాక్ష్య చట్టంలో ఉంది.

ఈలోగా ఎదుటివారు ఆ 12 సెంట్లలో గది కట్టడమో, అమ్మడమో చేయకుండా యథాతథ స్థితి కోరుతూ ఒక పిటిషన్ సిద్ధంగా ఉంచుకోండి. ఆలస్యం మన్నింపు తేలాక దాన్ని వినమని కోరవచ్చు. ఇన్ని పిటిషన్ల ఖర్చు భారమనిపిస్తే పర్లాకిమిడిలోని జిల్లా న్యాయ సేవల సంస్థకు వెళ్లండి. 1987 నాటి న్యాయ సేవల సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. అప్పీలుదారుల్లో మొదటి పేరు మీ అమ్మగారిదే.

దస్తావేజు మొదటి పుట ఫోటో చూశాను. గొలుసుకట్టు రాత, రెండో వరుసలో తూర్పు హద్దు చెప్పే మాట మడత మీద పడి చెరిగింది. అనువాదానికి ఇచ్చే ముందు ఆ రాత చదవగల పెద్దవారిని ఎవరినైనా కూర్చోబెట్టి, పగటి వెలుతురులో, అసలు కాగితం మీదే ఆ వరుస చదివించండి. జిరాక్సు మీద చదివిస్తే ఆ మాట ఎవరికీ అందదు.